చప్పట్లు లేని నాటకం: వేషం ఎప్పుడు క్రతువు అవుతుంది?

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇదీ. మీ స్నేహితురాలు ఒక ఆధునిక పేగన్ బృందంలో, అంటే క్రైస్తవానికి ముందటి పాత దేవతలను మళ్లీ కొలిచేవాళ్లలో, చేరింది. వాళ్లు వచ్చే నెల ఒక వారాంతంలో సుమేరియన్ దేవత ఇనానా పాతాళానికి దిగే కథను ఆడబోతున్నారు. అందులో మీకు ద్వారపాలకుడి వేషం ఇచ్చారు. మీకు ఆ దేవత మీద నమ్మకం లేదు. ఇది నాటకమా, పూజా? నమ్మకం లేకుండా వేషం కడితే మోసం చేసినట్టా? మధ్యలో ఎవరికైనా పూనకం లాంటిది వస్తే ఏం చేయాలి?

నేను మతాల మీద పరిశోధన చేసిన పండితుణ్ని కాను. నాటకాలకు లైట్లు వేసేవాణ్ని. ఆ పని మీదే ఇలాంటి బృందాల దగ్గరికి వెళ్లడం మొదలైంది, తర్వాత వాటి గురించి చదవడం అలవాటైంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు ముందు చెప్తాను, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు సగం అందులోనే ఉంది.

ఒక చిన్న బృందం హాలు అద్దెకు తీసుకుని, విత్తనం భూమిలోకి పోయి మళ్లీ మొలకెత్తే కథ ఆడింది. నటన అంతంతమాత్రం. ఒకావిడ రెండుసార్లు మాట మరిచిపోతే పక్కనున్నాయన అందించాడు, ఆ సంగతి దాచాలని కూడా ఎవరూ అనుకోలేదు. చివర్లో ఒక్క దీపం తప్ప లైట్లన్నీ తీసేయమన్నారు. నేను పద్ధతిగా, నెమ్మదిగా ఫేడ్ చేశాను. పూర్తిగా చీకటి పడ్డాక, అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాను. నేనొక్కణ్నే. మూడోసారి చేతులు కలిసేలోపు పక్కనున్న పెద్దావిడ నా చేతుల మీద చెయ్యి వేసి ఆపింది. కోపంగా కాదు, నిద్రపోతున్న పసిపిల్ల పక్కన గట్టిగా మాట్లాడేవాణ్ని ఆపినట్టు.

ఇంటికి పోతూ ఆలోచిస్తే అర్థమైంది, ఆ హాల్లో ప్రేక్షకుణ్ని నేనొక్కణ్నే. మిగతా నలభై మందీ, ఊరికే కూర్చున్నవాళ్లతో సహా, ఆ కథలోనే ఉన్నారు. అప్పటి నుంచి నాకు ఒకటే కొలబద్ద. ఎంత గొప్పగా ఆడారు, ఎంత ఖర్చు పెట్టారు, నటులకు భక్తి ఉందా లేదా అని చూడను. ప్రేక్షకుడు ఎక్కడ కూర్చున్నాడో చూస్తాను. ప్రేక్షకుడికి కుర్చీ వేస్తే అది ఎంత పవిత్రమైన కథైనా నాటకమే. ఆ కుర్చీ తీసేసిన చోట క్రతువు మొదలవుతుంది.

దీనికి మూలం పాతదే. ఏథెన్స్ దగ్గరి ఎలూసిస్‌లో జరిగిన రహస్య క్రతువుల్లో మూడు భాగాలుండేవని పరిశోధకులు చెప్తారు: పలికేవి, చేసేవి, చూపేవి. ఆ ‘చేసేవి’ అన్న మాటా, మనం వాడే డ్రామా అన్న మాటా రెండూ ‘చేయడం’ అనే ఒకే గ్రీకు క్రియ నుంచి పుట్టాయి. పంటల దేవత డెమెటర్ కూతుర్ని పాతాళ రాజు ఎత్తుకుపోవడం, తల్లి వెతుక్కోవడం, కూతురు తిరిగిరావడం అక్కడి కథ. లోపల సరిగ్గా ఏం చూపించారో బయటికి చెప్పడం నేరం. వందల ఏళ్లు వేలమంది లోపలికి వెళ్లొచ్చినా ఆ గుట్టు నిలిచింది. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టిన కొత్త మత ఉద్యమాల్లో కొన్ని ఈ ఎలూసిస్ మీద కన్నేసినవే. చర్చిలో ప్రసంగం వింటూ బల్ల మీద కూర్చుని విసిగిపోయిన మనుషులకు, వినడం కాకుండా చేసే మతం ఒకటి ఉండేదన్న ఊహే పెద్ద ఆకర్షణ.

నా కొలబద్ద ఎలా పనిచేస్తుందో చూపించడానికి అన్నిటికంటే విచిత్రమైన ఉదాహరణతో మొదలుపెడతాను. 1888లో లండన్‌లో గోల్డెన్ డాన్ అనే మంత్రవిద్యల రహస్య సంఘం మొదలైంది. కవి యేట్స్, నటి ఫ్లోరెన్స్ ఫార్, తర్వాత డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌కు డబ్బు పెట్టిన ఆనీ హార్నిమన్ అందులో సభ్యులు. నాటకరంగం తెలిసినవాళ్లకు కొదవ లేదన్నమాట. వాళ్ల మొదటి మెట్టు దీక్ష పూర్తి స్థాయి నాటకం. అధికారులకు పాత్రలున్నాయి, ఎవరెక్కడ నిలబడాలో నిర్ణయించారు, రంగుల అంగీలున్నాయి, కంఠస్థం చేసిన సంభాషణలున్నాయి. ఇదంతా ఒకే ఒక్క మనిషి కోసం, కొత్తగా చేరే అభ్యర్థి కోసం. ఆ అభ్యర్థికి మాత్రం కళ్లకు గంతలు కట్టి, నడుముకు మూడు చుట్లు తాడు కట్టి లోపలికి తీసుకొస్తారు.

ఆ మనిషి వైపు నుంచి ఆలోచించండి. ఏమీ కనపడదు. నుదుటి మీద చల్లటి నీళ్లు పడతాయి. ఎక్కడో దగ్గర్లో ధూపం కదులుతుంది, దాని వాసన చెంప పక్కగా పోతుంది. ఒక గొంతు అడ్డుకుంటుంది, ఇంకో గొంతు దారి ఇస్తుంది. ఎవరో భుజం పట్టి గది చుట్టూ తిప్పుతారు. ఎంత పెద్ద గదో, ఎంతమంది ఉన్నారో తెలియదు. చాలాసేపటికి, ఇన్నాళ్లూ చీకట్లో ఉన్నావు, ఇక వెలుతురు వెతుక్కో అన్న అర్థం వచ్చే మాటలతో గంతలు విప్పుతారు. నాటకరంగంలో ఉన్నవాడిగా నాకు దీన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మేం లక్షలు పోసి కంటికి చూపిస్తాం. వీళ్లు కన్ను మూసి, మనిషిని కథ మధ్యలో నిలబెట్టారు. పైగా అధికారులు ఒక్కొక్కరూ ఒక ఈజిప్టు దేవత రూపాన్ని తమ చుట్టూ మనసులో ఊహించుకుని నిలబడాలి. అంటే అసలు వేషం ఎవరికీ కనపడదు, గంతలు లేనివాళ్లకు కూడా.

దీనికి పూర్తి వ్యతిరేకం కూడా అదే సంప్రదాయం నుంచే వచ్చింది. ఆ సంఘంలో కొన్నాళ్లున్న ఆలిస్టర్ క్రౌలీ 1910 అక్టోబరు, నవంబరుల్లో లండన్ కాక్స్టన్ హాల్లో ఏడు బుధవారాలు ‘ఎలూసిస్ క్రతువులు’ అని ఏడు గ్రహాల పేరిట ప్రదర్శనలిచ్చాడు. శని నుంచి చంద్రుడి దాకా ఏడు రాత్రులు. లైలా వాడెల్ వయొలిన్, విక్టర్ న్యూబర్గ్ నాట్యం, క్రౌలీ కవిత్వం. ఏడింటికీ కలిపి టికెట్టు 5 గినీలు, అప్పట్లో పెద్ద మొత్తమే. హాలు చీకటిగా ఉంది, కవిత్వం పొడుగ్గా ఉంది. డబ్బిచ్చి వచ్చినవాళ్లు డబ్బిచ్చినవాళ్లలాగే ప్రవర్తించారు. కొందరు విసుక్కున్నారు, కొందరు నవ్వుకున్నారు, ఒక పత్రిక చీకట్లో ఏదో జరుగుతోందని బురద చల్లింది. ఆ రాతల మీద క్రౌలీ మిత్రుడొకాయన పరువునష్టం దావా వేసి 1911లో ఓడిపోయాడు.

క్రౌలీ అంటే నాకు పెద్ద గౌరవమేం లేదు, కానీ తప్పు ఎక్కడ జరిగిందో అతనికి తెలిసిందనే అనుకుంటాను. 1913లో మాస్కోలో ఉన్నప్పుడు నాస్టిక్ మాస్ (Gnostic Mass, ‘గుప్తజ్ఞానుల పూజ’) అనే క్రతువు రాశాడు. పూజారి, పూజారిణి, డీకన్, ఇద్దరు పిల్లలు, తెర, సమాధి, ఈటె... అన్నీ నాటక సామగ్రే. కానీ వచ్చినవాళ్లందరూ చివర్లో లేచి వేదిక దగ్గరికి వెళ్లి రొట్టె, ద్రాక్షసారా తీసుకోవాలి. ఊరికే కూర్చుని చూసి పోవడం కుదరదు. మూడేళ్లలో అతను మార్చిందల్లా ఆ కుర్చీనే. 1910 నాటి ఏడు రాత్రులు చరిత్రలో ఒక వింతగా మిగిలాయి. ఈ మాస్‌ను మాత్రం క్రౌలీ బోధనలు పాటించే ఓ.టి.ఓ. సంఘాలు ఇప్పటికీ చాలా దేశాల్లో జరుపుతున్నాయి.

కుర్చీ ఉన్నదీ లేనిదీ రెండూ ఒకే ఇంట్లో పక్కపక్కన కనిపించాలంటే అమెరికాలో పుట్టిన మార్మన్ చర్చివాళ్లను చూడాలి. వాళ్లను కొత్త మత ఉద్యమం అనొచ్చా అన్నది వేరే చర్చ. 1830లో మొదలైంది కాబట్టి పరిశోధకులు చాలామంది ఆ వరుసలోనే పెడతారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పామైరా దగ్గర కుమోరా కొండ వాలు మీద 1937 నుంచి 2019 దాకా ఆ చర్చి పెద్ద బహిరంగ ప్రదర్శన ఇచ్చేది. వందలమంది స్వచ్ఛంద నటులు, కొండంత వేదిక, పిడుగులు, నీళ్ల తెరలు, ఉచిత ప్రవేశం, వేల కుర్చీలు. ఎవరైనా రావచ్చు. అది ప్రచార నాటకం, ఆ మాట వాళ్లూ కాదనరు.

దేవాలయం లోపల జరిగే ఎండోమెంట్ అనే క్రతువు అలాంటిది కాదు. దాన్ని జోసెఫ్ స్మిత్ 1842 మేలో ఇల్లినాయ్‌లోని నావూలో, తన దుకాణం మేడ మీద గదిలో కొద్దిమందితో మొదలుపెట్టాడు. అందులో సృష్టి, ఈడెన్ తోట, ఆదాము అవ్వల పతనం నాటకంగా సాగుతాయి. లోపలి వివరాలు బయట మాట్లాడబోమని వాళ్లు మాట ఇస్తారు, కాబట్టి నేనూ అంతకంటే లోపలికి పోను. చర్చి బహిరంగంగా చెప్పేదే మనకు సరిపోతుంది: అక్కడ ఉన్న ప్రతి మగవాడూ తనను ఆదాముగా, ప్రతి స్త్రీ తనను అవ్వగా అనుకోవాలి. అందరివీ తెల్లబట్టలే. పాత సాల్ట్ లేక్ దేవాలయంలో గదుల గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలుండేవి. సృష్టి గది, తోట గది, లోకపు గది... కథ ముందుకు నడిచేకొద్దీ మనుషులు కూడా లేచి తర్వాతి గదిలోకి నడిచేవారు.

1955లో స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గర దేవాలయం కట్టినప్పుడు ఒక చిక్కొచ్చింది. ఒకే చిన్న దేవాలయానికి ఎన్నో భాషలవాళ్లు వస్తారు. ఇన్ని భాషల్లో నటుల బృందాలను ఎక్కడి నుంచి తేవాలి? సినిమా తీశారు. తర్వాత అదే పద్ధతి దాదాపు అన్నిచోట్లకీ పాకింది, సాల్ట్ లేక్‌లోనూ ఇంకొకటి రెండు చోట్లా మాత్రం మొన్నమొన్నటి దాకా మనుషులే ఆడారు. సినిమా వచ్చినా అది క్రతువే, ఎందుకంటే తెర ముందున్నవాళ్లు ఇంకా ఆదాములూ అవ్వలే, చేయాల్సిన పనులు ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. కాకపోతే కాళ్లతో నడిచే కథ కాస్తా కూర్చునే కథ అయింది. ఆ తేడా చిన్నది కాదని లైట్లవాడిగా నా అభిప్రాయం. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అడుగు వేయడం శరీరానికి గుర్తుంటుంది.

ఇప్పుడు కుర్చీ ఉన్నా లేనట్టే ఉండే ఒక మధ్య రకం. రుడాల్ఫ్ స్టైనర్, అంటే ఆంత్రొపొసొఫీ అనే ఆధ్యాత్మిక ఉద్యమకర్త, 1910 నుంచి 1913 దాకా ప్రతి వేసవిలో మ్యూనిక్‌లో ఒక కొత్త మార్మిక నాటకం వేయించాడు. మొత్తం నాలుగు. ఐదోది రాసేలోపు యుద్ధం వచ్చింది. నటులు ఎక్కువగా సభ్యులే. ప్రేక్షకులూ సభ్యులే. ఒక్కో నాటకం దాదాపు రోజంతా సాగుతుంది. జొహానెస్ అనే చిత్రకారుడు, కాపేసియస్ అనే ఆచార్యుడు, స్ట్రేడర్ అనే ఇంజనీరు... ఈ మనుషులే నాలుగు నాటకాల్లోనూ ఎదుగుతూ ఉంటారు. రెండో నాటకంలో హఠాత్తుగా మధ్యయుగంలోకి పోయి వీళ్ల పూర్వజన్మ చూపిస్తాడు, నాలుగో దాంట్లో ఇంకా వెనక్కి, ఈజిప్టుకి. ఏళ్ల తరబడి అవే పాత్రలను చూస్తున్నవాడికి ఇది కథలో మలుపులా అనిపించదు. పక్కింటాయన గతజన్మ కళ్లముందు తెరుచుకున్నట్టుంటుంది. పునర్జన్మ గురించి వంద ఉపన్యాసాలు విన్నవాళ్లకు అది అనుభవంలా తగలాలన్నదే అతని ఉద్దేశం.

ఈ నాటకాల కోసమే సొంత భవనం కావాలనుకున్నారు. మ్యూనిక్‌లో అనుమతి దొరక్కపోతే స్విట్జర్లాండ్‌లోని డోర్నాక్‌లో 1913 సెప్టెంబరులో పునాదిరాయి వేశారు. రెండు గుమ్మటాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునే చెక్క భవనం, గొయ్థేయానం. ఒక గుమ్మటం కింద వేదిక, ఇంకోదాని కింద జనం. ఆ రెండు గుమ్మటాలు కలుసుకునే గీత దగ్గర ప్రేక్షకుడికీ నటుడికీ మధ్య హద్దు కరగాలన్నది ఆలోచన, అంటే కుర్చీని తీయకుండా వాస్తుతోనే దాన్ని కరిగించే ప్రయత్నం. 1922 డిసెంబరు 31 రాత్రి అది కాలిపోయింది. రెండోది కాంక్రీటుతో కట్టి 1928లో తెరిచారు, ఇప్పటికీ అక్కడ ఆ నాటకాలు ఆడుతున్నారు. నన్నడిగితే సంభాషణలు బరువే, గంటల తరబడి ఆత్మ గురించి పెద్ద పెద్ద వాక్యాలు. కానీ చూసేవాళ్లు చూడ్డానికి రాలేదని గుర్తుపెట్టుకుంటే ఆ బరువు అర్థమవుతుంది.

జపాన్‌లోని తెన్రిక్యోలో ఈ ప్రశ్న అసలు పుట్టనే పుట్టదు. 1838లో నకయామ మికి అనే రైతు ఇల్లాలితో మొదలైన మతం అది. నారా ప్రాంతంలోని తెన్రి పట్టణంలో, మనుషులు సృష్టించబడిన చోటు ఇదేనని వాళ్లు నమ్మే స్థలంలో ఒక స్తంభం ఉంది. నెల నెలా 26న దాని చుట్టూ పదిమంది, ఐదుగురు మగవాళ్లు, ఐదుగురు ఆడవాళ్లు, కగురా క్రతువు చేస్తారు. ముఖాలకు మాస్కులు, చేతులతో ముద్రలు, పాట, వాద్యాలు. సృష్టి ఎలా జరిగిందో మళ్లీ చేయడమే అది. మిగతా గుళ్లలో చేతుల నాట్యం చేస్తారు కానీ మాస్కులతో కగురా అక్కడ తప్ప ఎక్కడా చేయరు. ఎందుకంటే వాళ్ల లెక్కలో అది సృష్టిని చూపించే బొమ్మ కాదు, సృష్టి జరిగిన చోటే మళ్లీ జరుగుతున్న సృష్టి. దాన్ని టూర్‌కి తీసుకెళ్లి ఆడటమంటే అర్థమే లేదు.

గుర్జియెఫ్ అనే ఆధ్యాత్మిక గురువు శిష్యులది మరో దారి. 1922లో ఫ్రాన్స్‌లో ఫాంటెన్‌బ్లో దగ్గర ఆయన ఆశ్రమం పెట్టి, తలా చేతులూ కాళ్లూ వేర్వేరు లయల్లో కదిలే నాట్యాలు నేర్పాడు. 1923 డిసెంబరులో పారిస్‌లో, ఆ తర్వాత న్యూయార్క్‌లో బయటివాళ్ల ముందు ఆడించాడు. న్యూయార్క్‌లో చూసిన ఒక రచయిత చెప్పిన దృశ్యం ఇది: బృందమంతా వేదిక వెనక నుంచి పూర్తి వేగంతో ముందుకు పరుగెత్తుకొచ్చింది. గుర్జియెఫ్ ‘ఆగు’ అంటాడని అందరూ ఎదురుచూస్తున్నారు. అతను తాపీగా వెనక్కి తిరిగి సిగరెట్ వెలిగించుకున్నాడు. వాళ్లు ఆగలేదు, వేదిక అంచు దాటి వాద్యబృందం మీదకి, ఖాళీ కుర్చీల మీదకి గుట్టగా పడ్డారు, పడ్డవాళ్లు పడ్డట్టే కదలకుండా ఉండిపోయారు. జనం సర్కస్ చూశారు. వాళ్ల సాధన అంతా లోపల, ధ్యాస తప్పకుండా ఉండటంలో ఉంది, అది కుర్చీలోంచి కనపడేది కాదు.

అందరూ ఈ దారి పట్టారనుకోకండి. బహాయీలు నాటకాన్ని బోధనకు మంచి సాధనమంటారు, కానీ తమ ప్రవక్తలను వేదిక మీద ఎవరూ వేషం కట్టి చూపించకూడదు. పాండిచ్చేరి అరవింద ఆశ్రమంలో మదర్ 1954లో వేయించిన నాటికలో పడవ మునిగి చావుకు ఎదురుచూస్తున్న ఆరుగురు, ఒక రాజనీతిజ్ఞుడు, రచయిత, శాస్త్రవేత్త, కళాకారుడు, పారిశ్రామికవేత్త, క్రీడాకారుడు, తమ జీవితాల డొల్లతనం చెప్పుకుంటారు, ఏడోవాడు ఒక అపరిచితుడు జవాబిస్తాడు. గంభీరమైనదే, కానీ అది ఉపదేశం. కుర్చీ ఉంది. ఇక 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సాతాను చర్చి పెట్టిన ఆంటన్ లవే తన క్రతువులను సైకోడ్రామా అని తనే అన్నాడు. నమ్మాల్సిన దేవుడూ లేడు, సాతానూ లేడు, లోపలి కోపం కక్కేయడానికి ఒక గది, అంతే. నమ్మకం సున్నా, ప్రేక్షకుడూ సున్నా. అయినా అది క్రతువులాగే పనిచేస్తుందని అతని వాదన.

అక్కడి నుంచి మీ రెండో ప్రశ్నకు వస్తాను. నమ్మకం లేకుండా వేషం కడితే మోసమా? నా దృష్టిలో కాదు. ప్రదర్శనను పరిశోధించినవాళ్లు ఒక మంచి మాట చెప్తారు: వేషంలో ఉన్నవాడు ‘నేను కాదు’, అలాగని ‘నేను కాకపోనూ లేదు’. ఆ సందు అందరికీ తెలిసి ఉన్నంతవరకు అబద్ధం లేదు. తెన్రిలో మాస్కు వెనక ఉన్నది మనిషని అందరికీ తెలుసు. మీ ద్వారపాలకుడు మీరేనని అక్కడందరికీ తెలుసు.

మోసం ఎక్కడుందో చెప్తాను, నా వృత్తి కాబట్టి ఇది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆర్డర్ ఆఫ్ ది సోలార్ టెంపుల్ అనే బృందం స్విట్జర్లాండ్, క్విబెక్‌లలో ఉండేది. గుప్త మందిరంలో అంగీలు వేసుకుని సభ్యులు నిలబడితే, చీకట్లో ‘గురువులు’ కాంతి రూపంలో ప్రత్యక్షమయ్యేవారు. అదంతా లైట్లు, ప్రొజెక్షన్లు, పరికరాల పని. దాన్ని నడిపిన సభ్యుడొకాయన చివరికి ఆ గుట్టు తోటివాళ్లకు చెప్పేశాడు. 1994 సెప్టెంబరు చివర్లో క్విబెక్‌లో అతన్నీ, భార్యనీ, పసిబిడ్డనీ చంపేశారు. కొద్ది రోజుల్లో స్విట్జర్లాండ్‌తో కలిపి మొత్తం 53 మంది చనిపోయారు. ఆ ఒక్క కారణం వల్లే ఇంత ఘోరం జరిగిందని అనను, చాలా కలిసొచ్చాయి. కానీ ఆ మందిరంలో రంగస్థలం ఉందన్న సంగతే దాచారు. అంతమందీ ప్రేక్షకులే, అయితే తాము ప్రేక్షకులమని వాళ్లకు తెలియదు. కాబట్టి మీ బృందంలో మీ నమ్మకం గురించి బెంగ పెట్టుకోకండి. లైట్ల వెనక ఎవరున్నారో అడిగితే నవ్వుతూ చూపిస్తారా, ముఖం చిట్లిస్తారా, అది చూడండి. ఇంకొకటి, దేవుడి వేషం ప్రతిసారీ ఒక్కడే కడుతున్నాడా? కడుతుంటే, అతనే బృందం నాయకుడు కూడా అయితే, మర్యాదగా బయటికి వచ్చేయండి.

పూనకం సంగతి. వస్తుంది, రావచ్చు. ఆధునిక పేగన్ బృందాల్లో, ముఖ్యంగా 1979 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏటా స్పైరల్ డ్యాన్స్ జరిపే సంప్రదాయం వాళ్లలో, దేవతను తనలోకి పిలుచుకోవడాన్ని ఆస్పెక్టింగ్ అంటారు. దానికి వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. దిగేవారి పక్కన ఒక తోడు మనిషి ఉంటాడు, అతను మాత్రం దిగడు. అయిపోయాక పేరు పెట్టి పిలుస్తాడు, నీళ్లిస్తాడు, తినడానికి ఏదైనా ఇస్తాడు, నేల తాకమంటాడు. వినడానికి మామూలుగా ఉంటుంది కానీ దీన్ని వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను. ఒక బృందంలో మృత్యువు వేషం కట్టినావిడను కార్యక్రమం అయ్యాక ఎవరూ పట్టించుకోలేదు, అందరూ సామాను సర్దుకునే హడావుడిలో ఉన్నారు. ఆవిడ ముఖానికి బూడిద అలాగే ఉంది. అరగంట తర్వాత నేను కేబుళ్లు చుడుతుంటే అదే మూలలో నిలబడి ఉంది. పేరు పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిచి, ఈ వైరు కొంచెం పట్టుకోండి అన్నాను. పట్టుకుంది. తర్వాత ఏడ్చింది. పేరు పిలవడం, చేతికి పని ఇవ్వడం, అంతే నేను చేసింది. పనిచేసింది కానీ అది నా పని కాకూడదు, వాళ్లది.

మీ వేషం గురించి కొంచెం చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మీకు దొరికింది మంచి పాత్ర. పేగన్లలో ఈ కథ రెండు దారుల్లో వచ్చింది. ఒకటి విక్కా, అంటే ఆధునిక మంత్రగత్తెల మతం, దారి. జెరాల్డ్ గార్డ్‌నర్ 1930ల చివర్లో ఇంగ్లండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రోసిక్రూషియన్లు అనే గుప్తవిద్యల బృందం నడిపే నాటకశాలకు వెళ్లేవాడు, ఆ నాటకాలు అతనికి నచ్చలేదంటారు. అక్కడ పరిచయమైనవాళ్లే తనను మంత్రగత్తెల గుంపులోకి తీసుకెళ్లారని చెప్పుకున్నాడు. అతని విక్కాలో రెండో మెట్టు దీక్షలో దేవత పాతాళానికి దిగే కథను దీక్ష తీసుకునేవాళ్లతోనే ఆడిస్తారు. రెండోది నేరుగా సుమేరియన్ మట్టిపలకల దారి. మీవాళ్లు తీసుకున్నది ఇదే. ఇందులో ద్వారపాలకుడి పేరు నేతి. ఏడు ద్వారాలు. ఒక్కో ద్వారం దగ్గర ఇనానా నుంచి ఒక్కొక్కటి తీసుకుంటాడు: కిరీటం, మెడలో లాజువర్ది (నీలిరాయి) పూసలు, రొమ్ము మీది జంట పూసలు, కవచం, బంగారు కంకణం, కొలబద్దా తాడూ, చివరికి రాజవస్త్రం. ప్రతిసారీ ఇదేమిటి అని ఆమె అడుగుతుంది. ప్రతిసారీ అతను ఒకే మాట చెప్తాడు: ఊరుకో ఇనానా, పాతాళపు పద్ధతులను ప్రశ్నించకూడదు.

ఏడుసార్లు ఒకే మాట. నటుడైతే ఏడు రకాలుగా చెప్పాలని చూస్తాడు. మీరు ఆ పని చేయకండి. మొదటిసారి ఎలా చెప్పారో ఏడోసారీ అలాగే, కోపం లేకుండా, జాలి లేకుండా. మీ గొంతు మారకపోతేనే ఆమెలో జరిగే మార్పు అందరికీ అందుతుంది. ఆ వేషం మీకివ్వడానికి మీకు నమ్మకం లేకపోవడమే కారణమైనా నేను ఆశ్చర్యపోను. తలుపు దగ్గర నిలబడేవాడికి భక్తి అక్కర్లేదు, చేయి వణక్కపోతే చాలు.

తీసుకున్నవన్నీ మీ దగ్గరే ఉంటాయి. ఇదే కథ అక్కాడియన్ భాషలో ఇష్తార్ పేరుతో ఉన్నదాంట్లో, తిరిగి పైకి వచ్చేటప్పుడు ద్వారం ద్వారం దగ్గరా ఆమె వస్తువులు ఆమెకు తిరిగి ఇస్తాడు, చివర తీసుకున్నది ముందు. మీవాళ్లు ఆ భాగం కూడా ఆడుతున్నారో లేదో ఇప్పుడే అడగండి. ఆడకపోతే, కార్యక్రమం అయ్యాక ఆ వస్తువులు ఆమె చేతికి ఎవరు ఇస్తారో తేల్చుకోండి, ఆమెను అలా ఖాళీగా ఇంటికి పంపొద్దు. ఆడుతుంటే, తీసుకున్నవి తీసుకున్నట్టు మీ వెనక ఒక గుడ్డ మీద కుడి నుంచి ఎడమకి వరసగా పెట్టుకుంటూ పోండి. అప్పటికి హాల్లో ఒక్క దీపమే ఉంటుంది, వెలుతురు మీ వెనక్కి రాదు, చేత్తో తడిమి తీయాల్సి వస్తుంది.